అమ్మ వాటా ఎక్కడ?

నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి ఇంటి గడప దగ్గరికి వచ్చి, వేలిముద్ర వేయించుకుని, అవ్వ చేతిలో 4,000 రూపాయలు పెట్టి పోతున్నాడు. నంద్యాల పేటల్లోనూ, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇది ఇప్పుడు మామూలు విషయమే. ఆ డబ్బు ఆమెకు ఎంత అవసరమో, అది వస్తున్నందువల్ల ఇంట్లో ఆమె మాటకు ఎంతోకొంత విలువ ఎలా పెరిగిందో ఊళ్లలో తిరిగే మనందరికీ తెలుసు. కానీ సాయంత్రానికి ఆ 4,000 ఎవరి చేతిలో ఉన్నాయి? మిగతా రోజులు ఆమె ఎవరి ఇంట్లో, ఎవరి దయ మీద బతుకుతోంది? నలభై ఏళ్లు ఆమె కలుపు తీసిన పొలం ఎవరి పేరున ఉంది? పింఛను లెక్కల్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మనం కూడా వీటిని గట్టిగా అడగలేదు. వరకట్నం, గృహహింస, సారా, అత్యాచారం మీద పోరాడిన ఉద్యమం తనతోపాటు నడిచిన స్త్రీలు ముసలివాళ్లయ్యాక ఏం తిని బతకాలన్న విషయాన్ని సంక్షేమ శాఖకు వదిలేసింది.

మన వైపు అన్నదమ్ములు వేరుపడే పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకుందాం. పొలం పంచుకుంటారు. ఇల్లు, గొడ్డూగోదా, అప్పులు పంచుకుంటారు. చివరికి తల్లిదండ్రులను కూడా పంచుకుంటారు. నాయన పెద్దోడి దగ్గర, అమ్మ చిన్నోడి దగ్గర. లేదంటే నెలకొకరింట్లో వంతు. ముప్పై ఒక్క రోజుల నెలలో ఆ ఒక్క రోజు కూడు ఎవరు పెట్టాలని మాటలు అనుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఇది న్యాయమైన ఏర్పాటేనని పెద్దమనుషులు తల ఊపుతారు. ఆ పంచాయితీలో వాటాదారుగా కూర్చోవలసిన మనిషిని పంచుకోవలసిన బరువుగా మార్చారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. వృద్ధ స్త్రీల డబ్బు సమస్య మొదలయ్యేది అక్కడే.

ముసలితనానికి ముందుగా దాచుకోలేదని, ముందుచూపు లేదని ఆడవాళ్లను నిందించడం తేలిక. దాచుకోవడానికి వాళ్ల చేతికి వచ్చిందెంత? కేసీ కెనాల్ కింద వరి నాటే చేతులు, నల్లరేగడిలో పత్తి తీసే చేతులు, విత్తనపత్తి చేలల్లో పొద్దంతా వంగి పూలకు క్రాసింగు చేసే చేతులు ఎక్కువగా స్త్రీలవే. కూలి మాత్రం మగవాడి కంటే తక్కువ. ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే కుటుంబాల్లో శిల్పానికి పేరు మగవాడిది, ఇల్లు నడిపే భారం ఆడదానిది. ఇంటి చాకిరీకి అసలు కూలే లేదు. ఫ్యాక్షన్ తగాదాల్లోనో, అప్పుల బాధతోనో భర్త పోయిన ఇంట్లో పిల్లలను పెంచిన స్త్రీ తన పేరున ఒక్క రూపాయి మిగుల్చుకునే స్థితిలో ఎన్నడూ లేదు. ఇంటి చాకిరీకి విలువ ఉందని న్యాయస్థానాలు ఇప్పటికే చెప్పాయి. గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టి నష్టపరిహారం లెక్క వేయాలని 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు అంది. భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో ఇంటిని నడిపిన భార్య శ్రమ కూడా ఉందని, ఆమెకు వాటా ఉంటుందని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. చనిపోయాక పరిహారం కోసం లెక్కకు వచ్చిన శ్రమ, బతికుండగా ముసలితనంలో ఎందుకు లెక్కకు రాదు?

పింఛను చరిత్రలో నంద్యాలకు ఒక చోటు ఉంది. 1991 ఉపఎన్నికలో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే, 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైంది. 65 ఏళ్లు దాటిన నిరుపేదలకు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. 2006లో అది 200 అయింది. 2011లో వయసును 60కి తగ్గించారు. 80 ఏళ్లు దాటనివారికి కేంద్రం వాటా ఆ 200 దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా రాష్ట్ర ప్రభుత్వం కలుపుతున్నదే. మన రాష్ట్రంలో పింఛను 2014లో 1,000, 2019 మొదట్లో 2,000, 2024 జనవరిలో 3,000, 2024 జూలైలో 4,000 అయింది. ఈ సంవత్సరాల పక్కన ఎన్నికల సంవత్సరాలు రాసి చూడండి. పెరిగినందుకు సంతోషించవలసిందే. కానీ ఎన్నికల ముందు మాట ఇచ్చి పెంచిన మొత్తాన్ని తర్వాత ఎవరైనా ఆపవచ్చు, కత్తిరించవచ్చు, జాబితాలోంచి పేరు తీసేయవచ్చు. ధరలతో పాటు పెరగాలన్న చట్టం లేదు. చట్టంలో లేనిది హక్కు కాదు, ఎవరి ఫొటో వేసుకుని ఇచ్చినా సరే.

పైగా 4,000 అంటే రోజుకు 133 రూపాయలు. ఇందులోనే తిండి, మోకాళ్ల నొప్పి మాత్రలు, ఆసుపత్రికి బస్సు చార్జీ, మనవరాలి చేతిలో పెట్టే పది రూపాయలు. సాధారణంగా ఇంటికి ఒకే పింఛను అన్న నిబంధన వల్ల మొగుడికి వస్తే పెళ్లానికి రాదు. పింఛను తీసుకునే భర్త చనిపోతే అది భార్యకు మార్చే ఏర్పాటు 2024 చివరలో వచ్చింది. అది మంచిదే. కానీ భర్త బతికున్నంత కాలం ఆమెకు సొంత డబ్బు అక్కర్లేదన్న ఆలోచన అందులో అలాగే ఉంది. ఆధార్‌లో వయసు తప్పు పడితే అరవై అయిదేళ్ల మనిషి యాభై ఆరేళ్లదిగా మిగిలిపోతుంది. కలుపు తీసి, బండలు మోసి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. కనుపాప, ముఖం గుర్తింపు లాంటి దారులు ఉన్నాయని ఆమెకు చెప్పే మనిషి పక్కన ఉండాలి. మన సంఘాలు తప్పనిసరిగా చేయవలసిన పని అది.

పింఛను కంటే పెద్ద విషయం ఆస్తి. హిందూ వారసత్వ చట్టం 1956లోనే వచ్చింది. భర్త వీలునామా రాయకుండా చనిపోతే అతని సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే అతని తల్లికి సమాన వాటాలు. భర్త సొంతంగా కొన్న నాలుగెకరాలు ఉండి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలితే తలా ఒక ఎకరం. కొడుకు చనిపోతే అతని ఆస్తిలో తల్లికి కూడా కోడలితో, మనవళ్లతో సమానంగా వాటా ఉంది. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ముస్లిం వారసత్వ నియమాల ప్రకారం పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, పిల్లలు లేకపోతే నాలుగో వంతు వస్తుంది. చెల్లించని మెహర్‌ను భర్త ఆస్తి పంచడానికి ముందే అప్పుగా తీర్చాలి. క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలున్న వితంతువుకు మూడో వంతు.

కాగితం మీద ఇంత ఉంది. మరి పాసుపుస్తకం మీద ఏముంది? భర్త పోయిన కొద్ది రోజులకే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీస్తారు. కొడుకుల పేర్ల మీదికి మ్యుటేషన్ చేయిస్తారు. "అమ్మకు ఎందుకు, మేము చూసుకోమా" అంటారు. అమ్మ వేలిముద్ర వేస్తుంది, కూతురు సంతకం పెడుతుంది. తల్లీకూతుళ్లను అడ్డం తొలగించే ఆ పని ఎంతో ప్రేమగా జరుగుతుంది. ఎదురు మాట్లాడితే కొడుకుల మీద నమ్మకం లేని తల్లి అవుతుంది. 2020 డిసెంబరు నుంచి పేదల ఇళ్లపట్టాలు స్త్రీల పేర్ల మీద ఇచ్చారు. అంతకు ముందూ కొన్ని పట్టాలు వాళ్ల పేరున వచ్చాయి. ఇప్పుడు ఆ పట్టాల మీద కూడా ఇదే మాట, ఇదే వేలిముద్ర మొదలు కాకుండా చూడాలి.

కాబట్టి ప్రతి సంఘం సమావేశంలో ఒక తేడా విడమరిచి చెప్పాలి. వీలునామా మనిషి చనిపోయాకే అమల్లోకి వస్తుంది. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దానపత్రం అలా కాదు. రాసిచ్చిన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది, మనసు మారినంత మాత్రాన రద్దు కాదు. పిల్లలకు ఇవ్వాలనుకునే తల్లి వీలునామా రాయవచ్చు. దానంగానే ఇవ్వవలసి వస్తే, జీవితాంతం ఆ ఇంట్లో ఉండే, ఆ పొలం మీద ఫలసాయం అనుభవించే హక్కు తనకే ఉంటుందని, తనను పోషించాలన్న షరతు మీదే ఇస్తున్నానని ఆ పత్రంలోనే స్పష్టంగా రాయించాలి. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు రాసే మనిషికి ఆ రెండు వాక్యాలు రాయడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

ఆ రెండు వాక్యాల విలువ ఏమిటో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చదివితే తెలుస్తుంది. 2007లో వచ్చిన ఈ చట్టానికి మన రాష్ట్రం 2011లో నియమాలు చేసింది. పోషిస్తారన్న షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే ఆ బదిలీ చెల్లదని ప్రకటించే అధికారం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో కొడుక్కి ఆమె రాసిచ్చిన దానపత్రాన్ని రద్దు చేసి, ఆస్తి ఆమెకు తిరిగి అప్పగించమంది. అందులో కొడుకు పోషిస్తానని మాట ఇచ్చిన కాగితం ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే మనకు తేలేది ఒక్కటే. నోటిమాట కోర్టులో నిలవదు, రాతే నిలుస్తుంది.

ఈ చట్టం కింద నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ట్రిబ్యునల్ రెవెన్యూ డివిజనల్ అధికారి దగ్గర ఉంటుంది. 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. ఈలోగా తాత్కాలిక పోషణ కూడా అడగవచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి ఎవరికి చెందుతుందో ఆ బంధువుల మీద వేయవచ్చు. మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. తాను స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేని వృద్ధురాలి తరఫున, ఆమె అనుమతితో ఒక స్వచ్ఛంద సంస్థ దరఖాస్తు పెట్టవచ్చని 5వ సెక్షన్ చెబుతోంది. అంటే ఈ పత్రిక చదువుతున్న మనమే. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందే హక్కు 1987 న్యాయసేవల చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఆళ్లగడ్డ మనిషి కలెక్టరు ముందు గోడు చెప్పుకోవడానికి కర్నూలు దాకా పోవలసిన పని తప్పింది. సోమవారం అర్జీల రోజున ఒక్కో వృద్ధురాలి వెంట ఒక్కో కార్యకర్త వెళ్లినా పరిస్థితిలో తేడా కనిపిస్తుంది. వృద్ధుల సహాయ ఫోన్ నంబరు 14567, న్యాయసేవల నంబరు 15100 ప్రతి సంఘం గది గోడ మీదా రాసి ఉండాలి.

ఇక దాచుకునే సంగతి. మన స్త్రీలు దాచుకోలేదన్నది అబద్ధం. 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం వెంటే పుట్టిన పొదుపు ఉద్యమం రూపాయి రూపాయి కూడబెట్టి చూపించింది. 2009లో అభయహస్తం వచ్చింది. సంఘం సభ్యురాలు రోజుకు ఒక రూపాయి కడితే ప్రభుత్వం ఇంకో రూపాయి కలిపి, అరవై ఏళ్లు నిండాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను ఇస్తానంది. కూలి స్త్రీ తన ముసలితనానికి తానే చందా కట్టుకున్న అరుదైన ఏర్పాటు అది. అది నిలవలేదు. ఎల్ఐసీ దగ్గర ఉన్న ఆ నిధిని 2021లో రాష్ట్ర ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. ఏళ్ల తరబడి కట్టిన ప్రతి సభ్యురాలికీ తన ఖాతా లెక్క చూపించమని అడిగే హక్కు ఉంది. మరోవైపు, 2014-15లో కుప్పకూలిన అగ్రిగోల్డ్‌లో పోయిందీ ఇలాంటి చిన్న చేతుల డబ్బే. 10,000 లోపు కట్టినవాళ్లకు 2019లో, 20,000 లోపు కట్టినవాళ్లకు 2021లో ప్రభుత్వం చెల్లించింది. అంతకు మించి కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. తెలిసిన మనిషి ఏజెంటుగా వచ్చి, బ్యాంకు కంటే ఎక్కువ ఇస్తామంటే, ఆ తెలిసిన ముఖమే మనల్ని ముంచుతుంది.

ఇప్పుడున్న పథకాల సంగతీ చూద్దాం. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో 18 ఏళ్లకు చేరితే నెలకు 42 రూపాయలు కడితే 60 తర్వాత నెలకు 1,000 వస్తుంది. అదే 40 ఏళ్లకు చేరితే 291 కట్టాలి. నలభై దాటితే తలుపు మూసేస్తారు. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌కూ అదే వయసు. పిల్లలు ఎదిగి, అప్పులు కొంత తీరి, తన కోసం నాలుగు రూపాయలు తీయగలిగే వయసు కూలి స్త్రీకి నలభై తర్వాతే వస్తుంది. సరిగ్గా అప్పుడే ఆమెకు చోటు లేదు. ఈ వయో పరిమితి మగవాడి జీవితాన్ని చూసి గీసిన గీత. అందాకా మనం చేయగలిగినవి చిన్నవే అయినా చేయాలి. సంఘంలో పాతికేళ్ల అమ్మాయి ఉంటే ఇప్పుడే పెన్షన్ ఖాతా తెరిపించాలి. నలభై దాటినవాళ్లకు పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో మొదలయ్యే రికరింగ్ డిపాజిట్ ఉంది. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమాలో 70 ఏళ్ల దాకా ఉండవచ్చు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 10,000కు నెలకు 300 వడ్డీకే పోతుంది. ఆ అప్పు ముందు తీర్చకుండా పక్కన ఎంత దాచినా నిలవదు. కొడుకు బోరుకనో, అల్లుడి వ్యాపారానికనో మెడలోది తీసి ఇచ్చే ముందు, అది తన స్త్రీధనమని, కాదనే హక్కు తనకుందని ఆమెకు తెలియాలి.

బ్యాంకులో నామినీ పేరు రాసేటప్పుడు కూడా ఒక తప్పు అభిప్రాయం ఉంది. నామినీ ఆ డబ్బుకు యజమాని కాదు. వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. భర్త ఖాతాలో తన పేరుందా లేదా అని ఇవాళే అడిగి చూడమని ప్రతి సభ్యురాలికీ చెప్పండి. చాలా ఇళ్లలో ఆ పేరు పెళ్లి కాకముందు రాసిన అన్నదో తండ్రిదో అయి ఉంటుంది.

ఇదంతా ఊరి అవ్వల గురించేనని అనుకోకండి. స్వచ్ఛంద సంస్థల్లో గౌరవ వేతనం మీద, ఏడాదికోసారి రెన్యూ అయ్యే ప్రాజెక్టుల మీద ఇరవై ఏళ్లు పనిచేసిన కార్యకర్తలకు రేపు ఏముంది? ఇరవై మంది పనిచేసే సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి. "గౌరవ వేతనం" అన్న మాట చాటున దాన్ని ఎగ్గొట్టే సంస్థలు హక్కుల గురించి మాట్లాడటం ఎలా? అంగన్‌వాడీ కార్యకర్తలకు కూడా గౌరవ వేతనమే కదా అన్నారు. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త ప్రాజెక్టు బడ్జెట్ రాసే ప్రతిచోటా కార్యకర్తల పీఎఫ్ ఒక పద్దుగా రాయించుకోవడం మన వంతు పోరాటం.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వృద్ధాప్య పింఛను చట్టబద్ధ హక్కు కావాలి, ధరలతో పాటు పెరగాలి. ఇంటికి ఒకటి అన్న లెక్క పోయి మనిషికి ఒకటి రావాలి. 2006 నుంచి 200 దగ్గర ఆగిన కేంద్రం వాటా కదలాలి. భర్త చనిపోయిన ప్రతి మ్యుటేషన్‌లో భార్య వాటా ముందు నమోదు కావాలి, ఆమె వదులుకుంటే విడిగా ఆమెను పిలిచి అడగాలి. నలభై దాటిన స్త్రీలకు ప్రభుత్వం వాటా కలిపే పింఛను నిధి మళ్లీ రావాలి, ఆ నిధి మీద చేయి వేసే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. అరవై దాటారని సంఘాల్లోంచి స్త్రీలను తప్పించడం ఆగాలి. వృద్ధులతో విడిగా సంఘాలు పెట్టుకునే వీలు జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో ఉంది, దాన్ని వాడుకోవాలి.

డిమాండ్లు నెరవేరే దాకా ఆగకుండా మనం చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘం తన సభ్యుల దగ్గర మూడు కాగితాలు చూడాలి. పొలం పాసుపుస్తకం, ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకం. వాటి మీద ఎవరి పేరుంది, నామినీ ఎవరు, ఈ మధ్య వేలిముద్ర వేసిన పత్రం ఏదైనా ఉందా అని రాసుకోవాలి. నంద్యాలలో, ఆళ్లగడ్డలో మొదలు పెట్టండి. మీరు రాసుకున్నది మాకు పంపండి, పేర్లు లేకుండా వచ్చే సంచికల్లో వేస్తాం. తల్లిని నెలకొకరింటికి పంపే ఒప్పందం రాసుకునే పంచాయితీలో, "మరి అమ్మ వాటా ఎక్కడ?" అని అడిగే ఒక్క ఆడమనిషి ఉంటే చాలు, ఆ కాగితం వేరేగా రాయవలసి వస్తుంది.